చెరువు గోడ మీద బొమ్మ వేద్దాం: ఊరిని కదిలించే వీధి చిత్రానికి మొదటి నుంచి చివరి దాకా

చాలా ఏళ్ల కిందట మా ఊరి బస్టాండు పక్క గోడ మీద బడి పిల్లలతో కలిసి ఒక బొమ్మ వేశాను. నేను డ్రాయింగ్ మాస్టారిని. ఏడుస్తున్న భూగోళం, దాన్ని పట్టుకున్న రెండు చేతులు, పైన తెల్ల పావురం, కింద "ప్రకృతిని కాపాడండి" అన్న అక్షరాలు. మూడు రోజుల పని. అంతా అయ్యాక, ఎదురుగా కుట్టు మిషన్ పెట్టుకుని కూర్చునే అక్క ఒకామె వచ్చి చూసి, "బొమ్మ బాగుంది సారూ, మన చెరువేది ఇందులో?" అని అడిగింది.

ఆ గోడకు నూరు గజాల దూరంలోనే చెరువు ఉంది. మూడు కాలనీల మురుగు అందులోకే వచ్చి పడుతోంది. బతుకమ్మను వదలడానికి ఆడవాళ్లు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నీళ్లలోకి దిగుతున్నారు. నేనేమో భూగోళం గీశాను. ఆ ప్రశ్న తర్వాత నేను బొమ్మ మొదలుపెట్టే పద్ధతే మారిపోయింది.

శాంతి, న్యాయం, పర్యావరణం అనేవి పెద్ద మాటలు. అవి గోడ మీదికి రావాలంటే మన ఊరి చెరువో కాలువో చెట్టో పట్టుకునే రావాలి. కింద చెప్పేదంతా చెరువును ఉదాహరణగా పెట్టుకుని చెబుతున్నాను. మీ ఊళ్లో అది క్వారీ తినేస్తున్న గుట్ట కావచ్చు, చెత్త డంపింగ్ యార్డు కావచ్చు. పద్ధతి ఒకటే.

1. ముందు ఒక్క కోరిక తేల్చుకోండి

బొమ్మ చూసిన మనిషి ఏం చేయాలి? దీనికి ఒక్క వాక్యంలో జవాబు దొరికే దాకా పెన్సిల్ పట్టుకోవద్దు. "చెరువును కాపాడాలి" అన్నది కోరిక కాదు. "ఉత్తరం వైపు కాలువ నుంచి వచ్చే మురుగును మున్సిపాలిటీ చెరువులో కలవకుండా మళ్లించాలి" అన్నది కోరిక. ఎవరు చేయాలో, ఏది ఆగితే పని అయినట్టో అందులో తెలుస్తుంది.

బెంగళూరులో బాదల్ నంజుండస్వామి అనే కళాకారుడు 2015లో నీళ్లు నిండిన పెద్ద రోడ్డు గుంతలో నిజం మొసలంత బొమ్మను పెట్టాడు. పక్కన ఉపన్యాసం ఏమీ రాయలేదు. ఆ గుంత పూడ్చాలి, అంతే. ఫోటోలు దేశమంతా తిరిగాయి, కొద్ది రోజుల్లోనే గుంత పూడింది. బిహార్‌లోని మధుబని దగ్గర 2012లో రోడ్డు పక్క చెట్లను నరికేస్తుంటే, షష్ఠినాథ్ ఝా అనే ఆయన పూనుకుని స్థానిక కళాకారుల చేత చెట్ల కాండాల మీద మిథిలా చిత్రాలు వేయించారు. రామాయణ ఘట్టాలున్న చెట్టు మీద గొడ్డలి వేయడానికి ఎవరికి చెయ్యాడుతుంది? అక్కడా కోరిక ఒకటే: ఈ చెట్టును నరకొద్దు.

శాంతి బొమ్మకూ ఇదే వర్తిస్తుంది. న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి కార్యాలయం ముందు గొట్టం ముడి పడిన రివాల్వర్ శిల్పం ఉంటుంది. శాంతి పాటలు పాడిన గాయకుడు జాన్ లెనన్‌ను 1980లో కాల్చి చంపాక, స్వీడన్ శిల్పి కార్ల్ ఫ్రెడ్రిక్ రాయిటర్‌స్వర్డ్ దాన్ని రూపొందించాడు. అక్షరం చదవడం రాని పిల్లవాడికి కూడా అది అర్థమవుతుంది. ఈ తుపాకీ పేలదు.

2. గీసే ముందు వినండి

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. నేనైతే కనీసం మూడు వారాలు పెట్టుకుంటాను.

చెరువు చుట్టూ బతికేవాళ్ల జాబితా రాసుకోండి. చేపల సొసైటీ సభ్యులు, రేవులో బట్టలుతికేవాళ్లు, ఆయకట్టు కింద మడి ఉన్న రైతులు, గేదెలు తోలుకొచ్చే పిల్లలు, బతుకమ్మ ఆడే ఆడవాళ్లు, వినాయకుణ్ణి నిమజ్జనం చేసే యువజన సంఘాలు, కట్ట మీద దర్గాకు వచ్చేవాళ్లు, శిఖం భూమిలో, అంటే చెరువు నీళ్లు నిలవాల్సిన నేలలో, తెలియక ప్లాటు కొనుక్కుని ఇల్లు కట్టుకున్న కుటుంబాలు. ఇంతమందినీ మీటింగుకు పిలిస్తే మాట్లాడేది నలుగురే. అందుకని మీరే వాళ్ల దగ్గరికి వెళ్లండి. రేవు దగ్గర పొద్దున ఏడింటికి, టీ కొట్టు దగ్గర సాయంత్రం, పంట పనులు లేని రోజున రైతుల అరుగు మీద.

అడగాల్సినవి చిన్న ప్రశ్నలు. మీ చిన్నప్పుడు నీళ్లు ఎక్కడి దాకా ఉండేవి? అలుగు (చెరువు నిండాక నీళ్లు పొర్లిపోయే చోటు) చివరిసారి ఎప్పుడు పారింది? ఏ చేప ఇప్పుడు దొరకడం లేదు? ఈ నీళ్లు తాగడం ఎప్పుడు మానేశారు? చెరువులో ఎవరిని దిగనిచ్చేవారు కాదు? ఈ చివరి ప్రశ్నను మాత్రం వదలకండి. చాలా ఊళ్లలో ఒకప్పుడు రేవులు కులాల వారీగా ఉండేవి. దళితవాడ ఆడవాళ్లు కడవ పట్టుకుని దూరంగా నిలబడి, ఎవరో ఒకరు వంచి పోస్తే పట్టుకెళ్లిన జ్ఞాపకం ఉన్న అవ్వలు ఇంకా ఉన్నారు. ఆ మాట రాకుండా "మన చెరువు, మన అందరిదీ" అని గోడ మీద రాస్తే అది అబద్ధం అవుతుంది.

విన్నదాన్ని కాగితంతో పోల్చుకోండి. తహసీల్దారు ఆఫీసులో గ్రామ నక్షా ఉంటుంది. చెరువు విస్తీర్ణం, తూములు, పూర్తి నీటిమట్టం ఎంతో నీటిపారుదల శాఖ దగ్గర ఉంటుంది. అడిగితే ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. జిల్లా స్థాయిలో రుసుము 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు రావాలి. మన చెరువు పైనున్న చెరువు ఏది, అలుగు పారితే నీళ్లు ఏ చెరువులోకి పోతాయి, ఆ గొలుసుకట్టు ఎక్కడ తెగింది అన్నది తెలిస్తే బొమ్మ దానంతట అదే రూపం కట్టుకుంటుంది.

ఈ వినే పనిని లోకంలో అందరికంటే గొప్పగా చేసి చూపించింది అమెరికా చిత్రకారిణి జూడీ బాకా అని నా నమ్మకం. లాస్ ఏంజెలెస్‌లో వరద నీటి కోసం కాంక్రీటు పోసిన ఒక కాలువ గోడ మీద ఆమె 1976 నుంచి 1983 దాకా ఐదు వేసవుల్లో అరమైలుకు పైగా పొడవున్న చిత్రం వేయించింది. పొడవు 2,754 అడుగులు. పనిచేసింది 400 మందికి పైగా పిల్లలు, యువకులు. వాళ్లలో చాలామంది పోలీసు కేసుల్లో ఇరుక్కున్నవాళ్లు, పేద వాడల నుంచి వచ్చినవాళ్లు. పాఠ్యపుస్తకాల్లో చోటు దొరకని కాలిఫోర్నియా చరిత్ర ఆ గోడ మీదికి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నిర్బంధ శిబిరాలకు తరలించిన జపాన్ మూలాల అమెరికన్లు, మెక్సికన్ కూలీలు, నల్లజాతివారు అందులో ఉన్నారు. ఒకరినొకరు శత్రువులనుకునే వాడల పిల్లలు ఒకే పరంజీ మీద పక్కపక్కన నిలబడి రంగు వేశారు. శాంతి గురించి బొమ్మ వేయడం వేరు, బొమ్మ వేస్తూ శాంతిని సాధించడం వేరు. నాకు రెండోదే ముఖ్యం.

3. గోడ, అనుమతి

జనం ఆగే చోట ఉన్న గోడను చూసుకోండి. వాహనాలు దూసుకుపోయే హైవే గోడ కంటే ఆటో స్టాండు, రేషన్ షాపు, బడి ప్రహరీ మేలు. ఎండ ఎటు నుంచి పడుతుందో కూడా చూడండి. పడమటి ఎండ నేరుగా తగిలే గోడ మీద రంగు తొందరగా వెలిసిపోతుంది.

అనుమతి లేకుండా మొదలుపెట్టకండి. బహిరంగ ప్రదేశాలను వికృతం చేయకుండా 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక చట్టం వచ్చింది. ప్రభుత్వ ఆస్తికి నష్టం చేయడంపై 1984 నాటి కేంద్ర చట్టం ఉంది. మంచి ఉద్దేశంతో వేసిన బొమ్మ మీద కూడా ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు. ప్రైవేటు గోడైతే యజమాని సంతకంతో ఉత్తరం తీసుకోండి. పంచాయతీ గోడైతే కార్యదర్శి, మున్సిపాలిటీ గోడైతే కమిషనర్, బడి గోడైతే ప్రధానోపాధ్యాయులు, చెరువు కట్ట మీది గోడైతే నీటిపారుదల శాఖ ఇంజినీరు. అర్జీతో పాటు గోడ ఫోటో, కొలతలు, బొమ్మ నమూనా, పని జరిగే తేదీలు, బాధ్యులైన ఇద్దరి పేర్లు ఇవ్వండి. రెండో కాపీ మీద ముద్ర వేయించుకుని దగ్గర పెట్టుకోండి. ఎన్నికల కోడ్ వచ్చే రోజులైతే ఆగండి. గోడ మీది రాతలన్నీ సున్నం కిందికి పోయే కాలం అది.

అనుమతి పత్రంలో ఒక వాక్యం అదనంగా రాయించుకోండి: "ఈ చిత్రాన్ని తొలగించాల్సి వస్తే నెల రోజుల ముందు మాకు తెలియజేస్తాము." ఇది ఎందుకో చెబుతాను. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన పెద్ద కంచు కుడ్యశిల్పం ఉండేది. 1979లో మరమ్మతుల పేరుతో, ఆయనకు చెప్పకుండానే, దాన్ని ఊడదీసి గోడౌన్‌లో పడేశారు. ముక్కలైపోయింది. ఆయన కోర్టుకు వెళ్లారు. 2005లో ఢిల్లీ హైకోర్టు కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ కింద ఆయన నైతిక హక్కును, అంటే అమ్మేశాక కూడా తన కృతిని పాడుచేయవద్దని అడిగే హక్కును, గుర్తించి, మిగిలిన భాగాలు తిరిగి ఇవ్వమని, 5 లక్షల రూపాయలు చెల్లించమని తీర్పు ఇచ్చింది. పాతికేళ్లకు పైగా పట్టింది. ముందే రాసుకున్న ఒక్క వాక్యం మనకు అంత దూరం తప్పిస్తుంది.

4. నమూనా

మనకు గోడ నిండా కథ చెప్పే పద్ధతి కొత్తది కాదు. చేర్యాల నకాశి కళాకారులు పొడవాటి గుడ్డ మీద ఎర్రటి నేల రంగు వేసి, అడ్డ వరుసలుగా విడగొట్టి, ఒక్కొక్క వరుసలో ఒక్కొక్క ఘట్టం గీస్తారు. కథ చెప్పేవాళ్లు దాన్ని విప్పుకుంటూ పాడతారు. గోడకు ఈ పద్ధతి చక్కగా కుదురుతుంది. రంగులు నీడలు లేకుండా నిండుగా ఉంటాయి, అంచున నల్ల గీత ఉంటుంది కాబట్టి బొమ్మలు వేయడం రానివాళ్లు కూడా లోపల రంగు నింపగలరు. మీ దగ్గర్లో నకాశి, కలంకారీ, తోలుబొమ్మల కళాకారులు ఉంటే పిలవండి. వాళ్ల పద్ధతి వాడుకుంటే వాళ్లకు డబ్బు ఇవ్వండి, గోడ మీద పేరు రాయండి.

నేను చేసే విభజన ఇది. గోడను నాలుగు భాగాలు చేస్తాను. మొదటిది పెద్దవాళ్లు చెప్పిన చెరువు. రెండోది ఏం జరిగింది. మూడోది ఈ రోజు ఎవరు ఎలా కష్టపడుతున్నారు. నాలుగోదాన్ని ఖాళీగా వదిలేస్తాను, ఎందుకో తర్వాత చెబుతాను. మొదటి భాగం ఎంత అందంగా ఉన్నా ఎక్కువ చోటు ఇవ్వకండి. అయ్యో, ఆ రోజులే వేరు అనుకుంటూ వెళ్లిపోయే ప్రమాదం ఉంది.

కొన్ని విషయాల్లో నేను గట్టిగా ఉంటాను. మూత్రం పోయకుండా ఉండాలని గోడ మీద దేవుళ్ల బొమ్మలు వేయడం నాకు సమ్మతం కాదు. అన్ని మతాలవాళ్లూ వాడే చెరువు గోడ మీద అది గొడవలకు విత్తనం అవుతుంది. ఏ మనిషి ముఖాన్నీ దోషిగా గీయవద్దు. మురుగు పైపును గీయండి, అది ఎటు నుంచి వస్తోందో చూపండి, చాలు. పార్టీ రంగులు, జెండాలు వద్దు. ఇక శిఖంలో ఇల్లు కట్టుకున్న పేద కుటుంబాన్ని దొంగలా చూపించే బొమ్మ ఎప్పుడూ వేయకండి. ఆ ప్లాటు అమ్మినవాడు వేరు, రిజిస్ట్రేషన్ చేసినవాడు వేరు, కూడబెట్టిన డబ్బంతా పెట్టి కొన్నది వీళ్లు. చెరువుకు న్యాయం అడుగుతూ వీళ్లకు అన్యాయం చేయకూడదు. నమూనాను ముందు వాళ్లకే చూపించి వాళ్ల మాట వినండి.

నమూనా సిద్ధమయ్యాక దాన్ని పెద్ద కాగితం మీద గీసి వారం రోజులు రేషన్ షాపులోనో గ్రంథాలయంలోనో వేలాడదీయండి. పక్కన పెన్ను కట్టి ఉంచండి. జనం దాని మీదే రాస్తారు. మా కాగితం మీద ఒకరు "తూము ఎడమ వైపు ఉండాలి" అని రాశారు. వాళ్లు చెప్పిందే నిజం.

అక్షరాల గురించి ఒక లెక్క. పది అడుగుల దూరం నుంచి హాయిగా చదవాలంటే అక్షరం కనీసం అంగుళం ఎత్తు ఉండాలి. అరవై అడుగుల రోడ్డుకు అవతల నుంచి చదవాలంటే ఆరు అంగుళాలు. తెలుగుకు వత్తులూ గుడులూ ఉన్నాయి కాబట్టి పైనా కిందా ఇంకా సగం చోటు వదలండి. ఏడెనిమిది మాటలకు మించి రాయొద్దు. ఆ అక్షరాలు రాయడానికి మీ ఊరి బోర్డు ఆర్టిస్టును పిలవండి. ఫ్లెక్సీలు వచ్చాక కుంచె పక్కన పెట్టేసిన చేతులు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. ఆ చేతులు రాసిన 'ళ', 'క్ష' చూస్తే మీకే తెలుస్తుంది.

5. గోడ సిద్ధం చేయడం

రంగు ఊడిపోయేది చాలావరకు ఇక్కడ జరిగిన తప్పుల వల్లే. కాలం కూడా చూసుకోవాలి. మనకు డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచిది. వానల్లో వద్దు, మే నెలలో గోడే కాలుతుంది, రంగు బ్రష్ మీదే ఆరిపోతుంది.

కొత్త ప్లాస్టరింగ్ అయితే 28 రోజులు ఆగాలి. పాత గోడైతే ముందు అరచేత్తో రుద్ది చూడండి. చేతికి తెల్లపొడి అంటితే అది సున్నం. దాని మీద ఏ ఎమల్షన్ (నీళ్లతో కలిపే గోడ రంగు) వేసినా పొరలు పొరలుగా లేస్తుంది. ఇనుప బ్రష్‌తో, పట్టీ రేకుతో గీకేయాల్సిందే. తెల్లటి ఉప్పు పూసినట్టు ఉంటే దాన్ని పొడిగానే దులపండి, నీళ్లతో కడిగితే ఉప్పు మళ్లీ లోపలికి పోయి తర్వాత బయటికి వస్తుంది. పచ్చటి నాచు ఉంటే బ్లీచింగ్ పౌడర్ నీళ్లతో రుద్ది, కడిగి, రెండు మూడు రోజులు ఆరనివ్వండి.

చెమ్మ ఉందో లేదో తెలుసుకోవడానికి అడుగు చదరం ప్లాస్టిక్ షీటును నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి రాత్రంతా ఉంచండి. పొద్దున లోపలి వైపు నీటి బొట్లు ఉంటే ఆ గోడ ఇంకా సిద్ధంగా లేదు. చెరువు కట్ట దగ్గరి గోడల్లో ఇది తరచూ కనిపిస్తుంది. కింద నుంచి చెమ్మ ఎక్కే గోడైతే వేరే గోడ చూసుకోవడమే మంచిది.

పగుళ్లు పూడ్చి, ఎక్స్‌టీరియర్ ప్రైమర్ ఒక కోటు వేసి, పూర్తిగా ఆరాక తెల్ల ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ రెండు కోట్లు. లెక్కకు 40 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు గోడ తీసుకుందాం. 320 చదరపు అడుగులు. రెండు కోట్లకు లీటరు సుమారు 50 చదరపు అడుగులకు వస్తుందని వేసుకుంటే ఆరున్నర లీటర్లు. గోడ గరుకుగా ఉంటే ఇంకా తాగుతుంది. బొమ్మకు పసుపు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ, నలుపు ఒక్కొక్కటి లీటరు, నీలం మాత్రం రెండు. మనది చెరువు కదా.

నీళ్లతో కలిపే రంగులే కొనండి. మన దేశంలో ఇళ్లకు, అలంకరణకు వాడే రంగుల్లో సీసం పది లక్షల భాగాల్లో 90 భాగాలకు మించకూడదని నిబంధన ఉంది, 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. డబ్బా మీద ఆ మాట ఉందో లేదో చూడండి. పిల్లల చేతులు పడే పని ఇది. ఉత్తి డబ్బాల్లో చిల్లరగా అమ్మే రంగు వద్దు.

ఒక మాట మరీ మరీ చెబుతున్నాను. బ్రష్‌లు కడిగిన నీళ్లు చెరువులోనో కాలువలోనో పారబోయకండి. రెండు బకెట్లు పెట్టుకోండి. మొదటి దాంట్లో కడిగి, రెండో దాంట్లో జాడించండి. రాత్రంతా కదపకుండా ఉంచితే రంగు అడుగుకు చేరుతుంది. పైన తేరిన నీళ్లను మర్నాడు మళ్లీ కడగడానికి వాడండి. పని అయ్యాక మిగిలిన బురదను పాత గుడ్డ మీద ఎండబెట్టి చెత్త బండికి ఇవ్వండి.

6. రంగు వేసే రోజులు

నమూనాను గోడకు ఎక్కించడానికి గళ్ల పద్ధతే తేలిక. నమూనా మీద 2 సెంటీమీటర్ల గళ్లు, గోడ మీద అడుగు గళ్లు. నీలం పొడి అద్దిన దారాన్ని ఇద్దరు రెండు వైపులా బిగించి పట్టుకుంటే మూడోవాళ్లు మధ్యలో లాగి వదలాలి, గీత చక్కగా పడుతుంది. నిలువు గీతలకు మేస్త్రీ దగ్గర తూకం గుండు అడిగి తెచ్చుకోండి. ప్రతి గడికీ నంబరు వేసి, రంగు వేయాల్సిన ప్రతి చోటా రంగు నంబరు చిన్నగా రాయండి. "3 అంటే ముదురు నీలం" అని చెబితే ఏడేళ్ల పాప కూడా పని మొదలుపెట్టేస్తుంది.

పై నుంచి కిందికి, లేత రంగు నుంచి ముదురు రంగుకు వెళ్లాలి. నల్ల గీతలు చివర్లో, చెయ్యి తిరిగినవాళ్లే. గోడ కింద ఒక అడుగు బొమ్మ వేయకుండా మన పల్లె ఇళ్లకు వేసినట్టు ఎర్రటి పట్టీ వేసేయండి. వాన చినుకుల బురద అంతా పడేది అక్కడే.

పరంజీ మీద పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లను ఎక్కించవద్దు. కరెంటు తీగ గోడకు దగ్గరగా ఉంటే లైన్‌మన్‌కు ముందే చెప్పండి. పొద్దున ఆరున్నర నుంచి పదింటి దాకా, మళ్లీ నాలుగు తర్వాత. మధ్యాహ్నం ఆపేయండి. మజ్జిగ, నీళ్లు దగ్గర ఉంచుకోండి. ఆడవాళ్లు రావాలంటే వాళ్లకు వీలైన వేళ పెట్టాలి. మా దగ్గర మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మాత్రమే వాళ్లకు తీరిక. అందుకని ఆ రెండు గంటలు పక్కనున్న చెట్టు నీడలో అట్టల మీద చేపలు, పూలు కత్తిరించి అచ్చులు చేయించాం. సాయంత్రం వాటితోనే గోడ మీద అద్దాం. కూలి పని మానుకుని వచ్చేవాళ్లకు ఆ రోజు కూలి ఇవ్వండి. విరాళం అడిగేటప్పుడే ఈ ఖర్చు కలిపి అడగండి.

చేతులు కలిస్తే ఎంత దూరం పోతుందో హిరోషిమా పిల్లలు చూపించారు. బాంబు పడినప్పుడు సడాకో ససాకికి రెండేళ్లు. 1955లో, పన్నెండేళ్ల వయసులో, లుకేమియాతో చనిపోయింది. ఆసుపత్రిలో కాగితం కొంగలు మడిచిన ఆ పాప కోసం తోటి విద్యార్థులు చందాలకు పూనుకుంటే, 1958లో పిల్లల శాంతి స్మారకం నిలబడింది. ఈ రోజుకీ లోకం నలుమూలల నుంచి పిల్లలు మడిచి పంపే కాగితం కొంగలు అక్కడికి చేరుతూనే ఉన్నాయి.

గోడ దొరక్కపోతే: నీటి గీత

అనుమతి రాలేదు, డబ్బు లేదు, అయినా ఏదో చేయాలి అనుకుంటే ఇది చేయండి. నిజానికి గోడ దొరికినా ఇది చేయమనే అంటాను.

ఈవ్ మోషర్ అనే కళాకారిణి 2007లో న్యూయార్క్ వీధుల్లో ఆటస్థలాలకు సున్నం గీతలు గీసే బండిని తోసుకుంటూ నడిచింది. సముద్ర మట్టానికి పది అడుగుల ఎత్తున, పెద్ద తుపాను వస్తే నీళ్లు ఎక్కడి దాకా రావచ్చో అక్కడ, దాదాపు 70 మైళ్లు గీత గీసింది. ఏం చేస్తున్నావమ్మా అని అడిగిన ప్రతివారితో ఆగి మాట్లాడింది. ఆ సంభాషణే ఆమె కళ. ఐదేళ్ల తర్వాత శాండీ తుపానులో ఆ నగరం తీర ప్రాంతాలు మునిగాయి.

మనకు ఇలాంటి గీతల జ్ఞాపకం కొత్త కాదు. 1908 సెప్టెంబరు 28 మూసీ వరదలో 150 మంది దాకా ప్రాణాలు నిలబెట్టిందని చెప్పే చింతచెట్టు హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీల్లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయో అక్కడివాళ్లను అడిగితే తలుపు మీద వేలు పెట్టి చూపిస్తారు.

చేసే విధానం ఇది. ఇంటింటికీ వెళ్లి నీళ్లు వచ్చిన ఎత్తు చూపించమనండి. ఒకరి జ్ఞాపకం మీదే ఆధారపడకండి. మేస్త్రీలు వాడే పారదర్శకమైన నీటి పైపు తీసుకుని ఒక చోటి ఎత్తును మరో చోటితో పోల్చండి. పైపు రెండు కొనల్లోనూ నీళ్లు ఒకే మట్టంలో ఉంటాయి కాబట్టి తేడా వెంటనే తెలుస్తుంది. ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే వాళ్ల గోడ మీద నీలం సుద్దతో గీత గీయండి, తేదీ రాయండి. ఒప్పుకోని ఇంటిని వదిలేయండి. ఈ గీతను చూసి రేపు ఎవరైనా ఇల్లు కూలగొడతారేమో అన్న భయం ఉంటుంది. ఆ భయానికి కారణం ఉంది. మనం గీసేది ఇంటి సరిహద్దు కాదని, నీళ్లు వచ్చిన గుర్తు మాత్రమేనని ముందే విడమర్చి చెప్పండి. వానకు సుద్ద కడుక్కుపోతుంది. మళ్లీ వానాకాలం ముందు పిల్లలతో గీయించండి.

7. బొమ్మ అయ్యాక

ఇప్పుడు ఖాళీగా వదిలిన నాలుగో భాగం దగ్గరికి వద్దాం. అక్కడ నల్లబల్ల రంగు వేయండి. పైన మన కోరిక, కింద ఒక అంకె. "మురుగు కాలువ మళ్లించమని అర్జీ ఇచ్చి 1వ రోజు." మర్నాడు 2. ఈ అంకె మార్చే బాధ్యత రోజుకొక పిల్లవాడికి.

ఇలా ఎంత మిగిలిందో కళ్లకు కట్టేలా చూపించే ఆలోచనను నేను జర్మనీలోని కాసెల్ నగరం నుంచి నేర్చుకున్నాను. యోసెఫ్ బాయిస్ అనే జర్మన్ కళాకారుడు 1982లో అక్కడి మ్యూజియం ముందు 7,000 బసాల్ట్ రాళ్లు కుప్ప పోయించాడు. నగరంలో ఒక చెట్టు నాటినప్పుడల్లా ఒక రాయి తీసి ఆ చెట్టు పక్కన పాతాలి. కుప్ప తరిగితేనే పని జరిగినట్టు. కుప్ప అక్కడ ఉన్నంత కాలం నగరం దాన్ని చూస్తూ తిరగాలి. ఆయన 1986లో చనిపోయాడు, చివరి చెట్టును 1987లో ఆయన కొడుకు నాటాడు. ఆ చెట్లు ఇప్పుడు కాసెల్ వీధులకు నీడనిస్తున్నాయి.

గోడ ఆవిష్కరణకు పెద్ద మనిషిని పిలిచి రిబ్బన్ కట్ చేయించడం మీ ఇష్టం. నేనైతే చెరువు గురించి మొదట చెప్పిన అవ్వ చేత నల్లబల్ల మీద మొదటి అంకె వేయిస్తాను. అదే రోజు అక్కడికక్కడే అర్జీ మీద సంతకాలు పెట్టించుకోండి. సోమవారం కలెక్టరేట్లో ప్రజల అర్జీలు తీసుకునేటప్పుడు గోడ ఫోటోతో పాటు ఇవ్వండి, రసీదు నంబరు తెచ్చి నల్లబల్ల మీద రాయండి. నెల దాటినా కదలిక లేకపోతే, ఆ అర్జీ మీద ఏ చర్య తీసుకున్నారో సమాచార హక్కు కింద అడగండి. వచ్చిన జవాబును కూడా అక్కడే, ఒక్క వాక్యంగా రాయండి. కోపం వచ్చినా తిట్టు రాయొద్దు. తేదీలు, నంబర్లు చాలు.

ఎవరైనా గోడ మీద పోస్టరు అంటిస్తే తడిపి మెల్లగా తీసేయండి. రంగు చల్లితే ముందు ఫోటో తీసి, అనుమతి పత్రంతో వెళ్లి ఫిర్యాదు ఇవ్వండి. బాగు చేసేటప్పుడు ఒక్కరే వెళ్లకండి, మొదట వేసినవాళ్లందరూ వెళ్లండి.

రెండేళ్లకు ఎరుపు, పసుపు వెలుస్తాయి. అందుకే ప్రతి రంగూ పావు లీటరు గాలి చొరబడని సీసాలో పోసి, మీద షేడ్ నంబరు రాసి, చల్లటి చోట దాచండి. మా సీసాలు కుట్టు మిషన్ అక్క దగ్గర ఉంటాయి. ఏటా బతుకమ్మకు వారం ముందు ఆమె వాటిని బయటికి తీస్తుంది.